నూట పన్నెండు ఖాళీలు

సోమవారం పొద్దున్న పదింటికల్లా లోయిదా ఆ పుస్తకాన్ని కడిగి ఆరేసింది.

కడగడమంటే ఆమె లెక్కలో ఫైలుని శుభ్రం చేయడం. తమ పుస్తకాలు తామే వేసుకునేవాళ్ళ రాతప్రతుల్ని ఈ-బుక్కులుగా మార్చిపెట్టడం తొమ్మిదేళ్ళుగా ఆమె బతుకుతెరువు. బకోలోద్ ఊళ్ళో బజారు వెనక సందు. కింద తల్లి దెల్మా అరటిపళ్ళని పంచదారలో వేయించి, పుల్లలకి గుచ్చి అమ్ముతుంది. పైన మేడగదిలో కూతురు ఎవరెవరివో ప్రేమకథలకీ, వంటల పుస్తకాలకీ, రిటైరైన ఆఫీసర్ల ఆత్మకథలకీ ఒళ్ళు రుద్దుతుంది. పాకం పొగ కంప్యూటరు తెర మీద జిగటగా పేరుకుంటుంది. వారానికోసారి దాన్ని కూడా కడగాలి.

ఎంత చదువుకున్నవాళ్ళయినా ఫైలు పంపే దగ్గరకొచ్చేసరికి అందరిదీ ఒకటే తంతు. పేరా మొదట్లో స్పేసు ఐదుసార్లు కొడతారు. కొత్త అధ్యాయం కొత్త పేజీలో మొదలవాలంటే ఎంటర్ మీద వేలు పెట్టి పేజీ దొర్లేదాకా తియ్యరు. కాగితం మీద అదంతా బుద్ధిగానే కనపడుతుంది. ఫోన్లో చదివేవాళ్ళు అక్షరాల సైజు కాస్త పెంచారంటే మాత్రం వాక్యాలు చెట్టుకొకటీ పుట్టకొకటీ అవుతాయి. అందుకే ఫైలు రాగానే రెండు స్పేసులున్న ప్రతిచోటా ఒక్కటే ఉంచమని కంప్యూటరుకి చెబుతుంది లోయిదా. 'మార్చినవి సున్నా' అని తెర మీద పడేదాకా ఆ మీట నొక్కుతూనే ఉంటుంది. ఆ సున్నా చూస్తే ఆమెకి కడుపు నిండినట్టుంటుంది.

ఈసారి పుస్తకం పేరు 'పాత రేవు దగ్గర ఇల్లు'. రాసింది రెమెదియోస్ అనే రిటైరైన పంతులమ్మ. పేటలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ నాంగ్ మెదింగ్. వయసులో పెద్ద ఆడవాళ్ళెవరైనా ఆ ఊళ్ళో నాంగ్‌లే, చిన్న ఆడపిల్లలంతా ఇందాయ్‌లే. ముప్ఫై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి గనక తప్పులు వెతికినా దొరకలేదు. లోయిదా మీట నొక్కింది. మొదటిసారి నాలుగువేల చోట్ల మారింది. రెండోసారి రెండువేలు, మూడోసారి ఇంకా తక్కువ. చివరిసారి నూట పన్నెండు. ఆ తరవాత సున్నా.

నూట పన్నెండేమిటి, ఇంత పొడుగు ఖాళీలు ఇన్నెందుకున్నాయి అని ఒక్క క్షణం ఆగి చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. మంగళవారం సాయంత్రానికి పుస్తకం తయారైంది, మెదింగ్ ఫోనుకి వెళ్ళిపోయింది. ఆవిడ మురిసిపోయి అప్పటికప్పుడే చుట్టాలందరికీ పంపేసింది.

బుధవారం మధ్యాహ్నం కింద నుంచి దెల్మా కేకేసింది.

"ఇందాయ్! నీ కోసం నాంగ్ మెదింగ్ వచ్చింది. ఎండకి మొహం కందగడ్డయిపోయింది. మెట్లెక్కలేనంటోంది, నువ్వే దిగిరా!"

లోయిదా దిగేసరికి మెదింగ్ మూకుడు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉంది. అరవయ్యారేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా. ఒళ్ళో చేతిసంచీ, చేతిలో ఒక కాగితం. దెల్మా నీళ్ళ గ్లాసు ఇస్తే తాగకుండా పట్టుకునే ఉంది.

"నీ పని బాగుంది, ఇందాయ్," అంది. "ఎక్కడా వంక పెట్టడానికి లేదు."

"థాంక్స్, నాంగ్. దీనికోసం ఈ ఎండలో వచ్చారా? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్నిగా."

"వాణ్ణేం చేశావు?"

"ఎవర్ని, నాంగ్?"

మెదింగ్ కాగితాన్ని ఒళ్ళో పరిచింది. తను ఇంట్లో అచ్చు తీసుకున్న పాత ప్రతిలోని మొదటి పేజీ అది. ఒక వాక్యం కింద వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది. 'ఆ రోజు నేనూ' అన్న మాట దగ్గర నుంచి వేలు కదిలి, తెల్లటి చోట ఆగింది. ఆ చోటు దాటాక 'అమ్మా రేవుకి వెళ్ళాం' అని ఉంది.

"ఇక్కడున్నవాణ్ణి," అంది.

తరవాత తన ఫోన్ తీసి లోయిదాకి ఇచ్చింది. అందులో అదే వాక్యం. ఆ రోజు నేనూ, అమ్మా రేవుకి వెళ్ళాం. ఎక్కడా అతుకు కనపడలేదు. చదివేవాళ్ళకి అక్కడ మూడోమనిషి ఉన్నాడన్న అనుమానం కూడా రాదు. దాని కింద కెనడా నుంచి ఎవరో పెట్టిన మెసేజ్ కనపడింది. 'చాలా బాగుంది మెదింగ్. ఇన్నాళ్ళకి ఆ గోల తీసేసి మంచిపని చేశావు. ఇప్పుడు ఎవరైనా హాయిగా చదువుకోవచ్చు.'

"మా పెద్దమ్మ కొడుకు," అంది మెదింగ్. "మంచిపని చేశానట. చూశావా?"

లోయిదా తొమ్మిదేళ్ళలో కామాలు పోగొట్టింది, ఒకసారి ఎవరిదో అంకితం పేజీ పోగొట్టి తిట్లు తింది. మనిషిని పోగొట్టడం ఇదే మొదలు.

"నేను చూసుకోలేదు, నాంగ్. మామూలుగా అందరికీ చేసినట్టే…"

"నువ్వు చేసింది తప్పని నేననలేదు. బళ్ళో పిల్లలు అలా వదిలితే నేనూ ఎర్రసిరాతో కలిపేసేదాన్ని." గ్లాసు కింద పెట్టింది. "సోమవారం నాకు కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది నిలుస్తుందో లేదో డాక్టరు చెప్పట్లేదు. ఆ లోపల వాడి చోటు వాడికి పెట్టి చూపించు. నా కంటితో చూడాలి."

ఆవిడ రిక్షాబండి ఎక్కి వెళ్ళాక దెల్మా అరటిపళ్ళు తిప్పడం ఆపి కూతురి వైపు చూసింది.

"ఆవిడ తమ్ముడే కదూ? చెరుకు కూలీల సంఘం కుర్రాడు. నంబరు లేని జీపులో ఎవరో వచ్చి ఎక్కించుకుపోయారు, మళ్ళీ తిరిగి రాలేదు. నేనప్పుడు ఇంత పిల్లని."

"పేరేంటి?"

"అమ్మో, నాకు తెలీదు. తెలిసినా చెప్పను. వాళ్ళింట్లోనే అనరు, నాకెందుకు?" నూనె చుక్క మీద పడ్డట్టు చెయ్యి విదిలించింది. "పేరులేని వాణ్ణి పట్టుకొచ్చి నా మేడమీద పెట్టుకున్నావు. పని అయ్యాక గుమ్మం దగ్గర ఉప్పు చల్లుతాను, కాదనకు."

లోయిదా పైకి వెళ్ళి అసలు ఫైలు తెరిచింది. ఖాళీలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. నూట పన్నెండు. ప్రతి ఖాళీలోనూ స్పేసులు సరిగ్గా తొమ్మిది. ఒక్కచోట కూడా పది లేవు, ఎనిమిది లేవు. అరవయ్యారేళ్ళ మనిషి, ఒంటికన్నుతో, ఒక్కోచోటా తొమ్మిదిసార్లు లెక్కపెట్టుకుంటూ కొట్టిందన్నమాట. ఈసారి వాటిని చెరపకుండా చదివింది. ఖాళీ మామిడిచెట్టు ఎక్కి పడింది, ఖాళీకి గవదలు వచ్చాయి, ఖాళీ అన్నం మాడుచెక్క కోసం అక్కతో కొట్లాడింది, చెరుకుబండి వెనక పరిగెత్తింది. ఆరో అధ్యాయం వరకూ వచ్చేసరికి లోయిదాకి వాడి అల్లరి, వాడి ఆకలి, వాడి చెప్పుల చప్పుడు తెలిసిపోయాయి. మొహం మాత్రం రాలేదు. పట్టపగలు, కింద బజారు గోల, అయినా ఎవరో తన భుజం మీద నుంచి తెర వైపు చూస్తున్నట్టే ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగింది కూడా.

ఖాళీలు నిలబెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. ఈ-బుక్కు స్వభావమే అంత. పక్కపక్కన ఎన్ని స్పేసులు పెట్టినా, చదివించే యంత్రం వాటిని మింగేసి ఒక్కటే చూపిస్తుంది. లోయిదా కడగకపోయినా అది కడిగేసేది.

గురువారం తన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెదింగ్ ఇంటికే వెళ్ళింది. పాత రేవు ఇప్పుడు లేదు, పూడ్చేసి రోడ్డు వేశారు. ఇల్లు మాత్రం అలాగే ఉంది. మెదింగ్ వంటగది బల్ల మీద చోటు చూపించి, చింతపండు పులుసులో చేపలు ఉడుకుతుంటే మూత తీసి చూసింది.

"ఈ బల్ల మా నాన్న చేసిందే. దీని చుట్టూ నేనూ," అంది, పెదవులు మూసుకుంది, ఊపిరి ఒకటి తీసుకునేంత సేపు ఆగింది, "అమ్మా కూచునేవాళ్ళం."

లోయిదా చేతులు మీటల మీదే ఆగిపోయాయి. ఖాళీ రాతలోనే ఉందనుకుంది. మాటలోనూ ఉంది, అదే కొలతలో. ఆ తరవాత గంటసేపు ఆవిడ ఏం మాట్లాడినా, ఆ తెల్లటి చోటు ఎక్కడొస్తుందో లోయిదా ముందే పసిగట్టడం మొదలెట్టింది. అది వచ్చినప్పుడల్లా తనూ ఊపిరి బిగబట్టింది.

మొదట ఖాళీలో గీత పెట్టి చూపించింది.

"ఛీ, తీసెయ్," అంది మెదింగ్. "ఖాళీలు పూరింపుము అన్నట్టుంది. పెన్సిలు దొరికినవాడల్లా తోచింది రాసేస్తాడు."

తరవాత విడిపోని రకం స్పేసులు పెట్టింది. అక్షరాలు చిన్నవిగా ఉన్నప్పుడు బాగానే ఉంది. మెదింగ్ కంటికి సరిపడా పెద్దవి చేసేసరికి ఖాళీ పంక్తి చివర ఇరుక్కుని, దాని వెనకున్న మాటల్ని ఈడ్చుకుని కిందికి పడింది.

"తోసేసినట్టుంది," అంది మెదింగ్.

తరవాత తెల్లటి చిన్న బొమ్మ ఒకటి తయారుచేసి ఖాళీలో పెట్టింది. ఇది కుదిరింది. మెదింగ్ ఫోన్ని కంటికి ఆనించుకుని చాలాసేపు చూసింది. ఆవిడ మొహంలో నెమ్మది కనపడింది. అంతలో వేలు ఎక్కడో తగిలి పేజీ నల్లబడింది, అక్షరాలు తెల్లవయ్యాయి. వెలుతురు పడనివాళ్ళు అలా పెట్టుకుని చదువుతారు. ఆ నల్లటి పేజీ మీద బొమ్మ మాత్రం తెల్లగా, నలుచదరంగా నిలబడింది.

మెదింగ్ ఫోన్ని బల్ల మీద బోర్లించింది.

"సమాధి రాయి," అంది. "తీసెయ్యి, ఇందాయ్. వాడికి ఇంకా రాయి వెయ్యలేదు."

పులుసు పొంగింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. చివరికి లోయిదానే లేచి మంట తగ్గించింది.

"పేరు రాసేస్తే సరిపోతుందిగా, నాంగ్. మీ తమ్ముడేగా. ఇప్పుడెవరూ వచ్చి అడగరు."

"భయపడి కాదే." మెదింగ్ మొదటిసారి కాస్త చిరాకుపడింది. "మా అమ్మ ఏటా నవంబర్లో చర్చి ఆఫీసుకి వెళ్ళేది. అక్కడ రెండు రకాల కవర్లుంటాయి, నీకు తెలుసుగా. పోయినవాళ్ళ ఆత్మలకోసం పూజ ఒకటి, బతికున్నవాళ్ళ క్షేమం కోసం ఒకటి. పేరు దేంట్లో రాస్తే అందులో పడతాడు. అమ్మ పెన్ను పట్టుకుని నిలబడేది. వెనక వరసలో వాళ్ళు తొందరపెట్టేవాళ్ళు. చివరికి కవరు మీద ఏమీ రాయకుండా, ఏ జాబితాలోనూ టిక్కు పెట్టకుండా ఇచ్చి వచ్చేది. గుమాస్తా కొత్తవాడైతే విసుక్కునేవాడు. పాతవాళ్ళకి తెలుసు. ఇరవై రెండేళ్ళు అలా ఇచ్చింది. పోయేముందు నాకు చెప్పింది, రాయొద్దు, చెరపొద్దు అని. నేనేం చెయ్యను చెప్పు? నేనూ పేరు లేకుండానే కవరు ఇస్తూ వచ్చాను. పుస్తకమూ అలాగే రాశాను."

లోయిదా ల్యాప్‌టాప్ మూసి, చేపలు తినమంటే తిని, ఇంటికొచ్చింది.

శుక్రవారమంతా మేడ దిగలేదు. దెల్మా రెండుసార్లు అన్నం పళ్ళెం తెచ్చి పెట్టి, రెండుసార్లు అది చల్లారాక తీసుకెళ్ళింది. లోయిదా ఇదే పని చేసేవాళ్ళని ఫోన్లో అడిగింది. ఎవడో 'ఎవరూ గమనించరు, ఒదిలెయ్' అన్నాడు. వాణ్ణి నాలుగు మాటలంది. సాయంత్రం ఐదింటికి, ఇక చేతకాదని చెప్పడానికి ఫోన్ తీసిన చేత్తోనే ఆమెకి దారి తోచింది. అక్షరాలు పెట్టి వాటికి రంగు లేకుండా చేస్తే? అక్షరాలు పంక్తిలోనే ఉంటాయి. సైజు పెంచితే పెరుగుతాయి, పేజీ నల్లబడినా తెల్లబడినా కనపడవు. వాటి మేర చోటు మాత్రం ఉంటుంది. కాకపోతే ఏ అక్షరాలు పెట్టాలి? తొమ్మిది నక్షత్రాలు పెట్టొచ్చు, తొమ్మిది సున్నాలు పెట్టొచ్చు. ఆ చోట్లో సున్నాలు పెట్టడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

శనివారం పదింటికి మళ్ళీ మెదింగ్ ఇంటికెళ్ళి విషయం చెప్పింది.

"పేరు లోపల ఉంటుంది, నాంగ్. పైకి కనపడదు. వాడి ఖాళీ వాడి పేరు కొలతే ఉంటుంది. కానీ మీరు నాకు పేరు ఇవ్వాలి."

మెదింగ్ లేచి లోపలికి వెళ్ళింది. సొరుగు లాగిన చప్పుడైంది, చాలాసేపటికి మళ్ళీ తోసిన చప్పుడైంది. నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క తెచ్చి బల్ల మీద పెట్టి, లోయిదా దాన్ని విప్పుతున్నంతసేపూ కిటికీ వైపు తిరిగి నిలబడింది. బాప్తిజం కాగితంలో ఉన్నట్టు రోమన్ అక్షరాల్లో, పలక మీద రాసినంత గుండ్రంగా రాసి ఉంది. వెన్సెస్లావో. లెక్కపెడితే అక్షరాలు తొమ్మిది.

లోయిదా కూడా దాన్ని పైకి చదవలేదు. నూట పన్నెండు చోట్ల పెట్టింది, రంగు తీసేసింది, పుస్తకం మళ్ళీ తయారుచేసి మెదింగ్ ఫోన్లోకి పంపింది. మెదింగ్ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంది. అక్షరాలు పెంచింది, తగ్గించింది, పేజీ నల్లగా చేసింది, తెల్లగా చేసింది. ఖాళీ ఎక్కడికీ కదల్లేదు, ఎవర్నీ కిందికి తొయ్యలేదు.

"ఉన్నాడు," అంది. బతికున్న కన్ను చెమర్చింది. "వెంట్రుకవాసి తేడా లేదు. ఇది చాలు, ఇందాయ్. ఇక ఆ కన్నుంటే ఎంత, పోతే ఎంత."

అక్కడితో పని అయిపోవాలి. కానీ ఒకసారి దెబ్బతిన్న మనిషి గనక లోయిదా ఈసారి ఏదీ చూడకుండా వదలదలుచుకోలేదు. ఆపరేషనయ్యాక కట్టు విప్పేదాకా మెదింగ్‌కి చదవడం కుదరదు. వినాల్సిందే. ఫోన్ చేత పుస్తకం చదివించి వింటే సరిగ్గా పలుకుతోందో లేదో చూద్దామని మీట నొక్కింది.

ఏ దేశపు ఆడమనిషి గొంతో, ఎత్తుపల్లాలు లేకుండా మొదలుపెట్టింది. 'ఆ రోజు నేనూ, వెన్సెస్లావో, అమ్మా రేవుకి వెళ్ళాం.'

రంగు లేకపోతే కంటికే కనపడదు, యంత్రానికి కాదు. ఆ ముక్క లోయిదాకి తట్టనే లేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఎవరూ పలకని పేరుని ఆ గొంతు ఉప్పూ పప్పూ అన్నంత తేలిగ్గా పలికేసి, ముందుకి వెళ్ళిపోతోంది. 'వెన్సెస్లావో పడవల్ని లెక్కపెట్టాడు.' లోయిదా ఆపబోయింది. మెదింగ్ ఆమె చెయ్యి పట్టుకుంది. ముసలి చెయ్యే గానీ, పట్టు గట్టిగానే ఉంది.

"నాంగ్, క్షమించండి. వినపడకుండా కూడా చెయ్యగలను, ఒక్క పది నిమిషాలు…"

"ఉండు."

గొంతు చదువుతూ పోయింది. మామిడిచెట్టు వచ్చింది, గవదలు వచ్చాయి. పేరు వచ్చిన ప్రతిసారీ మెదింగ్ భుజాలు కొంచెం ఎగిరిపడ్డాయి. ఐదారుసార్లయ్యాక ఎగిరిపడటం మానేశాయి. మాడుచెక్క కోసం కొట్లాట దగ్గరకొచ్చేసరికి ఆవిడ ముక్కుతో చిన్నగా నవ్వింది.

"వెన్సెస్లావోనట! కలెక్టరుగారు మాడుచెక్క అడుగుతున్నట్టుంది. ఆ పేరుతో వాణ్ణి పిలిచింది ఒక్క ఫాదరే, నీళ్ళు చల్లిన రోజున. ఇంట్లో ఎవరన్నారు? ఇస్లావ్ అనేవాళ్ళం."

అన్న తరవాత గానీ అన్నానని ఆవిడకి తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోయిదా ఫోన్ ఆపేసింది. వీధిలో ఐస్ అమ్మేవాడి గంట వినపడింది, దూరమైంది. వంటగది వంటగదిలాగే ఉంది. ఎవరూ రాలేదు, ఏదీ కింద పడలేదు.

మెదింగ్ చెయ్యి దించింది.

"ఇస్లావ్," అంది మళ్ళీ, ఈసారి కావాలనే. "మార్చెయ్, ఇందాయ్. ఇస్లావ్ అని పెట్టు."

"ఖాళీ చిన్నదైపోతుంది, నాంగ్. ఐదక్షరాలే."

"అవనీ."

"వెంట్రుకవాసి తేడా లేదని ఇప్పుడేగా సంతోషించారు?"

"అది కాగితాల్లో వాడు పట్టినంత చోటు. ఇంట్లో పట్టినంత చాలు."

"మరి గొంతు? దానికి వినపడకుండా…"

"వినపడనీ. కెనడావాడు కళ్ళతో చదివితే ఖాళీ చూసుకుంటాడు. గిన్నెలు తోముకుంటూ వింటే పేరు వింటాడు. అది వాడి ఖర్మ."

లోయిదా ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. పాత పేరు పై గడిలో, కొత్త పేరు కింది గడిలో కొట్టి మీట నొక్కింది. 'మార్చినవి నూట పన్నెండు' అని తెర మీద పడింది. పుస్తకం మళ్ళీ తయారుచేసి పంపింది. మెదింగ్ కుర్చీ జరుపుకుని, ఫోన్ని బల్ల మధ్యలో నిలబెట్టి, కళ్ళు రెండూ మూసుకుని కూచుంది.

"మొదట్నించీ పెట్టు," అంది.

గొంతు మొదలుపెట్టింది. పేరు దగ్గరకొచ్చేసరికి అది తన పరాయి యాసలో పలికింది. దాని వెంటే మెదింగ్ ఇంటి యాసలో, చేపలకి ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా పలికింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పలికింది. ఇద్దరూ అలాగే మామిడిచెట్టు దాటారు, గవదలు దాటారు. అన్నం వేళ దాటిపోతోందని లోయిదా లేచి, చప్పుడు కాకుండా పొయ్యి వెలిగించింది. రేవు దగ్గర పడవలు లెక్కపెట్టడం నుంచి చెరుకుబండి వరకూ ఆ గొంతు ఎక్కడా ఆగలేదు. ఆవిడా ఆగలేదు.